వెనక గది ఖాళీ చేసిన రోజు

సామాన్లన్నీ వెళ్ళిపోయాక మిగిలిన ఒక్క కుర్చీని ముందుగది నడిమధ్యకు లాక్కుని, తలుపుకేసి తిరిగి, ఒళ్ళో తాళాల గుత్తి పెట్టుకుని కూర్చుంది ఆమె. పదింటికల్లా వచ్చేస్తాం అత్తయ్యా అన్నాడు అల్లుడు, పదింటికి అంటే ఆ మనిషి లెక్కలో పదకొండు, లిఫ్టులు బాగుచేసేవాడు కదా, ఎక్కడో ఎవరో అంతస్తుల మధ్య ఇరుక్కుంటే అక్కడికి పరిగెత్తి వాళ్ళని దింపాకే ఇంకో పని, అయినా ఆమె తెల్లారకముందే లేచి తయారై కూర్చుంది, ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళే రోజుల్లోలాగే, జడ బిగించి, చెప్పులు తొడుక్కుని. వీధిలో ఏ బండి వినపడినా వెన్ను నిటారుగా అవుతోంది. ఇది కాదు, ఇది పాల బండి, ఇది ఎదురింటి వాళ్ళ స్కూటరు. దగ్గితే దగ్గు వెళ్ళి గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది, ఇన్నేళ్ళూ తన దగ్గును ఏ బీరువాలు, ఏ పరుపులు మింగేసేవో మరి. పరదాలు తీసేసిన కిటికీల్లోంచి వెలుతురు సిగ్గూ శరమూ లేకుండా లోపలికొచ్చేసి గోడల మీద పటాలు వేలాడిన చోట మిగిలిన తెల్లటి చదరాలను చూపిస్తోంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. స్నానాలగది లైటు స్విచ్చు వంటింట్లో ఉంది, వంటింటి లైటుది నడవలో ఉంది, కరెంటు పని తనకు రాదని ఒప్పుకోని ఆ మహానుభావుడు, పైకెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా ఇంటిల్లిపాదినీ చీకట్లో తడుముకునేలా చేస్తున్న తన మొగుడు, సొంత చేతులతో వైర్లు లాగిన ఇల్లు ఇది. ఆ స్విచ్చుల సంగతి ఆవిడకు, అల్లుడు మళ్ళీ చేసుకున్నావిడకు, చెప్పాలి. చెప్పదు. తడుముకోనీ. తను తడుముకోలేదూ?

ఛ, ఏం బుద్ధి ఇది. తనే కదా ఇచ్చింది, ఎవరైనా గొంతు మీద కూర్చుని అడిగారా? అల్లుడు వచ్చి అదే ముందుగదిలో కూర్చుని, అద్దెకిచ్చినాయన ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు అత్తయ్యా, ఆవిడ వాళ్ళన్నయ్య వాళ్ళూరు వచ్చెయ్యమంటున్నాడు, పైవాటా ఖాళీగా ఉందట, అక్కడ ఆవిడకు డ్రైవింగు నేర్పే ఉద్యోగం కూడా సిద్ధంగా ఉందట, అన్నాడు, అంటూ చేతులు చూసుకున్నాడు. ఆ ఊరు రైల్లో ఒక రాత్రి. మనవల్లో పెద్దది అప్పుడప్పుడే ఎదుగుతోంది, చిన్నవాళ్ళిద్దరికీ పాలపళ్ళు ఊడుతున్నాయి, వాళ్ళు కొత్తపళ్ళతో నవ్వేసరికి ఆ నవ్వు తను ఫోటోలో చూసుకోవాలన్నమాట. "నా ఇల్లు తీసుకోండి," అనేసింది. ఎవరో వెనకనుంచి అన్నట్టు వినిపించింది తనకే. "మరి మీరు?" "నేనెక్కడో అక్కడ." "అదేంటత్తయ్యా, మీరూ ఉండండి, అందరం సర్దుకుందాం," అన్నాడు పాపం, మంచివాడే, మంచివాడు కాకపోతే ఎంత సుఖంగా ఉండేది, తిట్టుకుంటూ బతికేది. రెండు గదుల ఇంట్లో అయిదుగురు, తను ఆరు, ఎలా సర్దుకుంటారు? నాకు గురక, పిల్లలకు నిద్ర పట్టదు అని ఓ అబద్ధం ఆడేసి మర్నాడే వెళ్ళి రెండు వీధుల అవతల ఇస్త్రీ దుకాణం మీద గది చూసుకుంది. ఒక గది, ఒక పొయ్యి, ఒక కిటికీ. మెట్ల మీద ఎప్పుడూ వేడిబట్టల వాసన. ఆ వాసన బాగుంది, ఆస్పత్రిలో ఉతికొచ్చిన దుప్పట్ల వాసన అది. గది బాగానే ఉంది. గదికేం వచ్చింది? అసలు సంగతి గురక కాదు, చోటూ కాదు. పోయిన తన కూతురు తిరిగిన ఇంట్లో ఇంకో ఆడమనిషి తల దువ్వుకుంటుంటే రోజూ చూడటం తనవల్ల కాదు. ఇల్లు ఇవ్వగలదు గానీ అది మాత్రం ఇవ్వలేదు. వెనక గది ఒక్కటీ పెద్దదానికే ఉండాలి, వాళ్ళమ్మ గది, ఆ మాట ఈ రోజు తాళాలిచ్చేటప్పుడు ఆవిడ మొహాన చెప్పేసి మరీ ఇస్తుంది. వారం నుంచి ఆ వాక్యాన్ని నోట్లో నములుతోంది. వెనక గది పెద్దదానికి. గట్టిగా అనకూడదు, అలాగని అడుక్కుంటున్నట్టూ ఉండకూడదు.

నిన్న మోసేవాళ్ళు వెనక గదిలో బీరువా జరిపితే గోడ మీద రాత బయటపడింది, పెన్సిలు కూడా కాదు, నీలం సిరా, పెద్ద పెద్ద అక్షరాలు, నేను ఈ ఇంట్లో ఉండను అని. కింద సంతకం. కూతురి తొమ్మిదేళ్ళ వయసప్పటి సంతకం, ముందు అక్షరానికి తోక. మోసేవాళ్ళు చూసి నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే నీళ్ళు తాగాలని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి అలాగే నిలబడిపోయింది. ఎందుకొచ్చిన గొడవో ఇప్పుడు గుర్తులేదు. జుట్టు సంగతా? స్నేహితురాలి తల చూసొచ్చి తన జడ తనే కత్తిరించుకుంది ఒకసారి, కత్తెరతో కాదు, పేపరు కోసే బ్లేడుతో, ఒక పక్క చెవిదాకా, ఒక పక్క భుజందాకా, అప్పుడు తను ఒక్కటి వేసింది దాని వీపు మీద. ఆ రాత్రే రాసుంటుంది. రాసి, తనే ఎవరికీ కనపడకుండా బీరువా ముందుకు తోసుంటుందా? అంత బరువు బీరువాని? కాదు, బీరువా వెనక సందులో దూరి రాసుంటుంది. అక్కడే కూర్చుని ఏడ్చుంటుంది. అన్నానికి పిలిస్తే ఏమీ జరగనట్టు వచ్చి తినేసి ఉంటుంది. ఆ పిల్లకు కోపం పొట్టలో పెట్టుకోవడం తెలియదు, ఎక్కడో ఒకచోట రాసి పడేసి చక్కా వచ్చేసేది, తనకే, తనకే అన్నీ లోపల...

కారు. సామాన్ల వాను కాదు, చిన్న కారు, ఆ ఇంజను చప్పుడు తెలుసు, నేర్చుకునేవాళ్ళు తొక్కీ తొక్కీ అరగదీసిన ఇంజను. ఆమె లేచి కిటికీ పక్కన గోడకు ఆనుకుని చూసింది. నెత్తిన బోర్డు పెట్టుకున్న డ్రైవింగు స్కూలు కారు. ఆవిడ ఒక్కతే దిగింది. అల్లుడు లేడు, పిల్లలు లేరు, వాను లేదు. ఎందుకొచ్చింది ముందు? కొలతలు తీసుకోవడానికా? ఏ మూల ఏది పెట్టాలో ఒంటరిగా చూసుకోవడానికా? ఆవిడ కారు తలుపు వేసి, కదలకుండా, ఒక చెయ్యి కారు మీద ఆనించి నిలబడింది. తర్వాత నడిచింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే గదిలో మనుషులు తలుపు దాటి బల్లదాకా నడవడం చూసిన కళ్ళు ఇవి, ఎవరికి ఎక్కడ నెప్పో వాళ్ళు నోరు తెరవకముందే తెలిసిపోయేది, తుంటి ఎముకవాళ్ళ నడక ఒకటి, పక్కటెముకవాళ్ళ నడక ఒకటి, నెప్పేం లేకపోయినా సెలవు చీటీ కోసం వచ్చినవాళ్ళ నడక ఒకటి. ఈ నడక అవేవీ కాదు. అడుగు చిన్నగా, కింద ఏదో పగిలేది ఉన్నట్టు, కడుపు మీద చెయ్యి వెయ్యకుండా, కానీ వేసినట్టే. బల్ల ఎక్కబోయే ప్రతి ఆడమనిషినీ తను ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుండేది, తలుపు మీద బోర్డు కూడా ఉండేది, అయినా నోటితో అడగాల్సిందే: గర్భం ఏమైనా ఉందా అమ్మా? కొందరు సిగ్గుపడేవాళ్ళు, కొందరు మండిపడేవాళ్ళు, కొందరు ఏమో అని నేల చూసేవాళ్ళు. ఆ ఏమో అన్నవాళ్ళు నిలబడే తీరు ఇదే. సరిగ్గా ఇదే.

కాబట్టి అదన్నమాట సంగతి. ఒంట్లోని వేడంతా ఒక్కసారిగా చెవుల్లోకి ఎక్కింది. మనవలకు చోటు చెయ్యాలని తను గిన్నెలూ గరిటెలూ మూటగట్టుకుని ఇస్త్రీ దుకాణం మెట్లెక్కుతుంటే, లోపల ఇంకో లెక్క నడుస్తోందన్నమాట, వెనక గది ఎవరికో ముందే రాసిపెట్టేశారన్నమాట, రేపో మాపో అక్కడ ఉయ్యాల, ఆ నీలం సిరా మీద రంగు, బొమ్మలు, ఏనుగులూ కుందేళ్ళూ, పెద్దది మళ్ళీ చాప చుట్టుకుని ముందుగదిలోకి. తన పిల్ల గదిలో తన రక్తం కాని బిడ్డ. ఇంత మోసమా? గంట మోగింది. ఆమె కదల్లేదు. తలుపు అవతల ఆవిడ, ఇవతల తను, మధ్యలో మొగుడు బిగించిన బోల్టు. తియ్యను. తియ్యకపోతే ఏం చేస్తారు? ఇల్లు నాది. మళ్ళీ మోగింది, ఈసారి చిన్నగా, వేలు వేసి తీసేసినట్టు. ఆమె ఊపిరి బిగబట్టింది.

పీల్చండి. బిగబట్టండి. వదలండి. లక్ష సార్లు అనుంటుంది ఆ మూడు మాటలూ, నిద్రలో కూడా అనేదట, మొగుడు ఎగతాళి చేసేవాడు. రిటైరవడానికి కొన్నాళ్ళ ముందు కూతురు వచ్చింది, ఎన్నాళ్ళ నుంచో పోని దగ్గు, డాక్టరు చీటీ చేత్తో పట్టుకుని, అమ్మా నీ చేత్తో తీయించుకుంటాను, వేరే వాళ్ళయితే చలి పలక మీద పెట్టి నొక్కేస్తారు అని నవ్వుతూ. గుండె పలకకు ఆనించు. గడ్డం పైకి. భుజాలు ముందుకు, ఇంకా, ఇంకా. తను గాజుకిటికీ వెనక్కి వెళ్ళింది. పీల్చు. బిగబట్టు. మీట నొక్కింది. పాత రోజులైతే ఫిల్ము తీసుకుని చీకటి గదిలోకి వెళ్ళి, ఎర్రదీపం కింద, మందునీళ్ళలో బొమ్మ తేలేదాకా కాస్త వ్యవధి దొరికేది, ఆ కాసేపూ ఏ తల్లయినా ఏ దేవుడితోనైనా బేరమాడుకోవచ్చు. కొత్త మిషను ఆ కాసేపు కూడా ఇవ్వలేదు. తెర మీద ఒక్కసారిగా, తెల్లగా, ఉండకూడని చోట ఉండకూడని తెలుపు. తను చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో. అవతల గదిలోంచి గాజు మీద టకటకా కొట్టి, మొహం ఎర్రగా చేసుకుని, బుగ్గలు పొంగించి, పగలబడి నవ్వుతూ కూతురు, "అమ్మా! వదలమని చెప్పలేదే నువ్వు! చచ్చిపోతాను!" అంది. తను కూడా నవ్వింది. బొమ్మ బాగా వచ్చిందా అంటే, వచ్చింది, డాక్టరు చూసి చెప్తారు అంది, రోగులందరికీ చెప్పినట్టే. ఆ సాయంత్రం డాక్టరు పిలిచేదాకా ఆ తెలుపును తనొక్కతే మోసింది, భోజనాల గదిలో, బస్సులో, ఈ ఇంట్లో, ఈ తలుపు ముందు. ఆ రోజు కూడా తాళం తియ్యకుండా ఇలాగే నిలబడింది. అవతల పక్క.

"మీరు లోపలున్నారని తెలుసు."

గొంతు తలుపుకు దగ్గరగా ఉంది. పెద్దగా అనలేదు.

"తియ్యకపోయినా పర్లేదు. చెప్పాల్సింది చెప్పేసి వెళ్తాను. వాను బయల్దేరకముందే రావాలని వచ్చాను. ఇంకా సామాన్లు ఎక్కిస్తున్నారు, ఏదో మర్చిపోయానని చెప్పి వచ్చాను."

ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. బోల్టు మీద వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నాకు మూడో నెల. ఆయనకింకా చెప్పలేదు. ముందు మీకు చెప్పకుండా ఈ గడప తొక్కడం నాకు... మీరు ముగ్గురు పిల్లలని ఇస్తున్నారు. నాలుగో పిల్లని నేను దొంగచాటుగా తెచ్చి పెట్టలేను. మీరు వద్దంటే ఇప్పుడే చెప్పండి. వానుని వెనక్కి తిప్పుతాను. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వను ఎవర్నీ. ఏదో ఒకటి చెప్పుకుంటాను, నాకే ఇల్లు నచ్చలేదంటాను."

ఇదీ మాట్లాడటమా? ఏడాదిన్నరలో ఈ మనిషి తనతో అన్న మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు. ఏమండీ అని మొదలుపెట్టి, సరేనండీ అని ముగించేది. తను కూడా, మీరు, మీకు, కూర్చోండి, అంతే, పక్కా అపరిచితులు మాట్లాడుకున్నట్టు. ఇప్పుడు చెయ్యాల్సిందేమిటి? వద్దు అంటే చాలు. ఒక్క మాట. ఆవిడే దారి చూపిస్తోంది, తప్పంతా తన నెత్తినేసుకుంటానంటోంది. వద్దంటే ఇల్లు మిగులుతుంది. గోడ మీద రాత మిగులుతుంది. పిల్లలు రైలెక్కుతారు. నోరు తెరవబోయింది, ఏ మాట వస్తుందో తనకే తెలియకుండా, అప్పుడు అవతల ఏదో తలుపుకు రాసుకుంటూ కిందికి జారిన చప్పుడు.

బోల్టు ఎప్పుడు తీసిందో తెలియదు. ఆవిడ గడప మీద కూర్చుని ఉంది, తల తలుపు చెక్కకు ఆనించి, పెదవులు పాలిపోయి, నుదుటిమీద చెమట.

"ఏమైంది? నెప్పా?"

"పొద్దున కొంచెం మరక కనిపించింది. పెట్టెలు ఎత్తాను, దానివల్లేమో అనుకున్నాను. ఇప్పుడు ఎక్కువైంది."

"పొద్దుటి నుంచి మరక కనపడుతుంటే కారు తోలుకుంటూ ఇక్కడికొచ్చావా? బుద్ధుందా నీకు?"

నువ్వు అనేసింది. ఇద్దరికీ వినపడింది.

"ఇదివరకు ఒకసారి పోయింది," అంది ఆవిడ, వీధికేసి చూస్తూ. "ఈయన్ని చేసుకోకముందు, ఆ పెళ్ళిలో. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఉంటుందని నమ్మకం కలిగాక చెబుదామని." ఆ పెళ్ళిలో అంటే అంతకు ముందు ఒకటుందన్నమాట, తను అడగలేదు, ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఆవిడ ఎక్కడినుంచో కారు తోలుకుంటూ సూటిగా అల్లుడి ఇంట్లోకి వచ్చేసిందనే అనుకుంది ఇన్నాళ్ళూ. చంకల కింద చేతులు వేసి లేపింది. బరువుంది. రోగుల్ని బల్ల మీదికి ఎక్కించిన చేతులు, ఎక్కడ పట్టుకోవాలో మర్చిపోలేదు. నేనే తోలతాను, దగ్గరేగా అంటోంది ఆవిడ, నోర్ముయ్ అంది తను, అని, మెట్ల మీద నించే వీధి మొగలో ఉన్న టాక్సీని కేకేసింది, అలాంటి కేక ఆమె గొంతులో ఉందని ఆ వీధికి అప్పుడే తెలిసింది, ఎదురింటావిడ బాల్కనీలోకి వచ్చి చూసింది.

ఆస్పత్రిలో వాసన మారలేదు, మనుషులు మారారు. ముందు బల్ల దగ్గర కొత్త కుర్రది, కంప్యూటరు మీంచి కళ్ళెత్తకుండా, మీకేమవుతారు అంది. అల్లుడి పెళ్ళాం అంటే కూతురవుతుంది, ఎవరికైనా, తనకు తప్ప. ఏ వరస ఇది? దీనికి పేరేది? "మా మనవల పిన్ని," అంది చివరికి, పిల్లలు పిలిచే పిలుపు. "అంటే మీ చిన్నమ్మాయి," అనేసి టకటకా కొట్టేసింది కుర్రది, పిన్ని అంటే తల్లికి చెల్లెలు, తల్లికి చెల్లెలంటే మీ కూతురు, ఇందులో ఆలోచించడానికేముంది అన్నట్టు. ఆమె కాదనబోయింది. చక్రాల కుర్చీలో ఆవిడ తలొంచుకుని తన చేతులు చూసుకుంటోంది, విననట్టు. వెనక లైనులో ఎవరో దగ్గారు. కుర్రది ఇంకో ప్రశ్నకు వెళ్ళిపోయింది. ఆమె ఊరుకుంది.

స్కానింగు గదిలోకి తననీ రానిచ్చారు, చిన్నమ్మాయి తల్లి కాబట్టి. చీకటి గది, తెర వెలుగు, అయితే ఇది తన తెర కాదు, ఈ నలుపూ తెలుపూ వేరు, చదవడం తనకు రాదు, ఇక్కడ తనూ అందరిలాంటిదే, డాక్టరు మొహం చూసి ఊహించుకోవాల్సిందే. ఆ మొహంలో ఏమీ లేదు. తనకు తెలుసు ఆ ఏమీ లేకపోవడం ఎలా అభ్యాసం చేస్తారో. చెప్పు తల్లీ, చెప్పు, ఇన్నేళ్ళు నేను ఇలాగే మొహం పెట్టి ఎంతమందిని చంపానో. ఆవిడ చెయ్యి బల్ల అంచు మీద పట్టుకోవడానికి ఏదో వెతుకుతోంది, తన కొంగు దొరికింది, పట్టుకుంది. తను లాక్కోలేదు. లోపల ఇంకో మాట, ఎవరికీ చెప్పలేని మాట, పోతే పోనీ అన్న మాట ఎక్కడైనా మిగిలి ఉందా అని తన్ను తానే తడిమి చూసుకుంది, భయపడుతూ. గంట క్రితం ఉంది. అబద్ధం ఎందుకు, ఉంది. ఇప్పుడు అక్కడ తెర మీద చిటికెన వేలంత మసక తప్ప ఇంకేమీ లేదు. "గుండె కొట్టుకుంటోంది," అంది డాక్టరు. "చూడండి, ఇదిగో. బిడ్డ బాగానే ఉంది. కానీ కొన్ని వారాలు మంచం దిగకూడదు, బరువులు అసలే వద్దు." ఆవిడ ఆ కొంగే నోటికి అడ్డం పెట్టుకుంది, అది తన కొంగు కాదని కూడా చూసుకోలేదు.

నడవలోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. "అత్తయ్యా! ఎక్కడున్నారు మీరు? తలుపు బార్లా తీసుంది, గేటు దగ్గర ఆవిడ కారుంది, ఇంట్లో పురుగు లేదు!" తలుపు. తాళాలు. చూస్తే గుత్తి చేతిలో లేదు, సంచిలో లేదు, ఆ గడప దగ్గరే ఎక్కడో పడేసి ఉంటుంది. వారం రోజులు వాక్యం నమిలి సిద్ధం చేసుకున్న తాళాలు ఎవరి చేతుల్లోనూ పెట్టకుండానే వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. "ఆస్పత్రిలో ఉన్నాం. ఇద్దరం బాగానే ఉన్నాం, కంగారుపడకు," అంది. ముగ్గురం అని నాలిక చివరిదాకా వచ్చింది, అది చెప్పాల్సింది తను కాదు. "వచ్చి చెబుతుందిలే. నువ్వు సామాన్లు దింపించు." ఫోను పెద్దది లాక్కున్నట్టుంది. "అమ్మమ్మా, తమ్ముళ్ళు వెనక గది మాదంటున్నారు. నాదని చెప్పు." ఇదుగో, అడిగింది. ఇప్పుడు చెప్పెయ్యొచ్చు, ఆవిడ అడ్డు రాదు, ఏది చెప్పినా సరేనండీ అంటుంది ఈ రోజు. వెనక గది నీదే. రెండు మాటలు. గొంతులో అవి కదిలాయి. "నన్నడిగితే ఎలాగే," అంది. "మీ పిన్ని వస్తోంది, ఆవిణ్ణడుగు." అవతల, "సరే," అని, దూరంగా, తమ్ముళ్ళతో, "పిన్నొచ్చేదాకా ఎవరూ దూరకండి!" అని అరిచిన అరుపు, ఖాళీ గదుల్లో రెట్టింపై.

టాక్సీలో ఒకచోట గుంత వస్తే తను చెయ్యి అడ్డం పెట్టింది, ఆవిడ కడుపుకూ ముందు సీటుకూ మధ్య, పెట్టి మళ్ళీ తీసుకుంది. "ఆ గదుల స్విచ్చులన్నీ తిక్కతిక్కగా ఉంటాయి, పిల్లలకు తెలుసు," అంది కిటికీకేసి చూస్తూ. "రేపు పొద్దున వంటకు నేనొస్తాను. నువ్వు లేవకు." ఆవిడ ఊఁ అంది. ఇల్లొచ్చింది. గేటు ముందు వాను, సగం దిగిన సామాన్లు, అల్లుడు పరిగెత్తుకుంటూ, వెనక చిన్నవాళ్ళిద్దరూ. ఆవిడ దిగి, వంగి, లోపలికి చూసి, "దిగండి, పిల్లలు ఎదురుచూస్తున్నారు," అంది. దిగితే మళ్ళీ బయటికి రావడం తన చేతిలో ఉండదని ఆమెకు తెలుసు. దిగితే వెనక గది గుమ్మంలో నిలబడుతుంది, నిలబడితే ఏదో ఒకటి అంటుంది. "రేపొస్తానన్నానుగా," అని, డ్రైవరుతో ఇస్త్రీ దుకాణం దగ్గరికి పొమ్మంది. కారు తిరుగుతుండగా ముందుగది కిటికీలోంచి కనపడింది, మోసేవాళ్ళు మంచం తెచ్చి సరిగ్గా ఆ కిటికీ కిందే వేస్తున్నారు. అక్కడ వేస్తే వానాకాలంలో జల్లు కొట్టి పరుపంతా నానిపోతుంది. చెప్పాలని అద్దం దించింది, మెడ బయటికి పెట్టింది. అల్లుడు భార్యను పట్టుకుని నడిపిస్తున్నాడు, పెద్దది గుమ్మంలో నించుని ఎటు పక్కనుంచి పట్టుకోవాలో తెలియక చేతులు చాపి ఉంది. ఆమె అద్దం పైకెత్తేసింది.